గోడ కంటే ముందు వేరు కుంపట్లు

1948 జూన్ 20, ఆదివారం. జర్మనీ పడమటి భాగంలో ఊరూరా రేషన్ కేంద్రాల ముందు పొద్దున్నే జనం బారులు తీరారు. తలకు 40 మార్కుల చొప్పున కొత్త నోట్లు పంచుతున్నారు. అమెరికాలో అచ్చయి, లోపల ఏముందో బయటికి పొక్కకుండా పెట్టెల్లో సముద్రం దాటి వచ్చిన నోట్లవి. అప్పటిదాకా వాడుకలో ఉన్న రైక్‌మార్కుతో పెద్దగా ఏమీ దొరికేది కాదు. బజారులో అసలు డబ్బుగా చెలామణి అయింది అమెరికన్ సిగరెట్. సోమవారం తెల్లవారేసరికి దుకాణాల అద్దాల వెనక గిన్నెలు, చెప్పులు, కూరగాయలు ప్రత్యక్షమయ్యాయి. అంతకుముందు వారం దాకా ‘లేదు’ అని తిప్పి పంపిన సరుకే అది. చెల్లే డబ్బు వచ్చేదాకా వర్తకులు దాచి ఉంచారు.

ఆ గురువారానికల్లా పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే రైళ్లు, రోడ్లు, కాలువలు అన్నీ మూతపడ్డాయి.

ప్రచ్ఛన్న యుద్ధం అనగానే మనకు గుర్తొచ్చేది బెర్లిన్ గోడ. కానీ గోడ లేచింది 1961లో. ఉమ్మడి కుటుంబం వేరుపడటం దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఈ వరస తెలుసు. ముందు మాటలు తగ్గుతాయి. తర్వాత పెట్టె తాళాలు వేరవుతాయి. ఒకరోజు పెరట్లో రెండో పొయ్యి పొగ కనిపిస్తుంది. నడవలో గోడ కట్టేది ఆఖరున, అప్పటికి ఇల్లు విడిపోయి ఏళ్లు గడిచి ఉంటాయి. నా లెక్కలో జర్మనీలో రెండో పొయ్యి వెలిగింది ఆ జూన్ ఆదివారం నాడే. హిట్లర్‌ను ఓడించడానికి చేతులు కలిపిన దేశాలు మూడేళ్లలో అక్కడిదాకా ఎలా వచ్చాయన్నదే అసలు ప్రశ్న.

‘సిద్ధాంతాలు వేరు కాబట్టి’ అని బడిలో చెప్పిన జవాబు సగమే. కమ్యూనిజానికీ పెట్టుబడిదారీ ప్రజాస్వామ్యానికీ 1941లోనూ పడదు, అయినా కలిసి పోరాడాయి. 1945 ఏప్రిల్ 25న ఎల్బే నది ఒడ్డున టోర్గావ్ దగ్గర అమెరికన్, సోవియట్ సైనికులు ఎదురుపడి కావలించుకున్నప్పుడు వాళ్ల సంతోషం నిజమైనదే. అయితే ఆ రెండు సైన్యాలు అక్కడికి చేరడానికి పెట్టిన ఖర్చు ఒకటి కాదు. ఆ యుద్ధంలో అమెరికా పోగొట్టుకున్నది సుమారు 4 లక్షల మందిని. సోవియట్ యూనియన్ పోగొట్టుకున్నది సుమారు 2 కోట్ల 70 లక్షల మందిని. ఒక్క లెనిన్‌గ్రాడ్ ముట్టడే 872 రోజులు సాగింది. పడమటి నుంచి రెండో రంగం తెరవమని స్టాలిన్ మొదట్నుంచీ అడుగుతూనే ఉన్నాడు. నార్మండీలో మిత్రసేనలు దిగింది 1944 జూన్‌లో. మా రక్తం ఇంకేదాకా ఆగి చూశారన్న అనుమానం మాస్కోలో అప్పుడే పాతుకుపోయింది.

ముప్పై ఏళ్లలో రెండుసార్లు జర్మన్ సైన్యం తూర్పుకు వచ్చింది. వచ్చే దారి పోలాండ్ మైదానం. కాబట్టి పోలాండ్‌లో తనకు అనుకూలమైన ప్రభుత్వం ఉండి తీరాలన్నది స్టాలిన్ పట్టు. ఆ భయం బూటకమని నేననుకోను. కానీ పోలాండ్ వాళ్లు స్వేచ్ఛగా ఓటేస్తే మాస్కోకు అనుకూలమైన ప్రభుత్వం వచ్చే ఆశ లేదు. 1939లో హిట్లర్‌తో కలిసి తమ దేశాన్ని పంచుకున్నది ఇదే స్టాలిన్ అని వాళ్లు మరిచిపోలేదు. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో కలిసిన మిత్రదేశాల నాయకులు, అక్కడ స్వేచ్ఛగా ఎన్నికలు జరుపుతామని కాగితం మీద రాసుకున్నారు. 1947 జనవరిలో ఆ ఎన్నికలు జరిగాయి, బెదిరింపులతో, రిగ్గింగుతో. స్టాలిన్ భయానికి మూల్యం పోలాండ్ చెల్లించింది. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఒకటి చెప్పి రెండోది దాచే చరిత్రలు రెండు వైపులా చాలా వచ్చాయి.

పాశ్చాత్య నాయకుల చేతులూ పూర్తిగా శుభ్రం కావు. 1944 అక్టోబరులో బ్రిటన్ ప్రధాని చర్చిల్ మాస్కో వెళ్లి, ఒక కాగితం మీద తూర్పు యూరప్‌ను శాతాల్లో రాసి స్టాలిన్ ముందుకు జరిపాడు. రుమేనియాలో రష్యాకు 90, గ్రీసులో బ్రిటన్‌కు 90, యుగోస్లావియాలో చెరి సగం. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. ఆ దేశాల మనుషులెవరూ ఆ గదిలో లేరు. తర్వాత 1945లో స్టాలిన్ యుగోస్లావ్ కమ్యూనిస్టులతో అన్న మాట ఇంకా సూటిగా ఉంది: ఎవరి సైన్యం ఎంతవరకు వెళ్తే, అంతవరకు వాళ్ల వ్యవస్థే నడుస్తుందని.

ఆ వ్యవస్థ ఎలా వచ్చిందో కాస్త ఆగి చూడాలి. ట్యాంకులతో ఒక్క రోజులో వచ్చింది కాదు. మొదట అన్ని పార్టీలతో సంకీర్ణ ప్రభుత్వం. అందులో కమ్యూనిస్టులు ప్రధాని పదవి కోసం పేచీ పెట్టరు, హోం శాఖ మాత్రం అడుగుతారు. హోం శాఖంటే పోలీసులు. పోలీసులంటే ఎవరి మీద కేసు పెట్టాలి, ఎవరి సభకు అనుమతివ్వాలి అన్న అధికారం. చెకోస్లొవేకియాలో 1946లో నిజమైన ఎన్నికలే జరిగాయి, కమ్యూనిస్టులు 38 శాతం ఓట్లతో పెద్ద పార్టీగా గెలిచారు. 1948 ఫిబ్రవరిలో పోలీసు శాఖను తమవాళ్లతో నింపుతున్నారని పన్నెండు మంది మంత్రులు రాజీనామా ఇచ్చారు. ప్రభుత్వం పడిపోయి కొత్త ఎన్నికలు వస్తాయని వాళ్ల అంచనా. ఊరేగింపులు, సాయుధ కార్మిక దళాల మధ్య అధ్యక్షుడు బెనెష్ ఫిబ్రవరి 25న ఆ రాజీనామాలను ఆమోదించాడు, ఖాళీలు కమ్యూనిస్టుల మనుషులతో నిండాయి. రెండు వారాల తర్వాత విదేశాంగ మంత్రి యాన్ మసారిక్ తన నివాసం కిటికీ కింద శవమై కనిపించాడు. ఓట్లతో మొదలై అక్కడ ముగిసింది. పశ్చిమ యూరప్‌ను వణికించింది ఇదే, ఎందుకంటే ఫ్రాన్సులో, ఇటలీలో కూడా కమ్యూనిస్టు పార్టీలు బలంగా ఉన్నాయి.

ఇప్పుడు ఇటువైపు నుంచి చూద్దాం. యుద్ధం గెలిచిన బ్రిటన్ దివాలా అంచున ఉంది. యుద్ధకాలంలో కూడా రేషన్ పెట్టని రొట్టెకు 1946 జులైలో రేషన్ పెట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటులా 1946-47 చలికాలం విరుచుకుపడింది, బొగ్గు కదల్లేదు, ఫ్యాక్టరీలు ఆగాయి. 1947 ఫిబ్రవరి 21న లండన్ నుంచి వాషింగ్టన్‌కు కబురు వెళ్లింది: గ్రీసుకూ టర్కీకీ ఇక సాయం చేయలేం. మూడు వారాలు తిరక్కుండా, మార్చి 12న, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ఆ రెండు దేశాలకు 40 కోట్ల డాలర్లు అడుగుతూ, స్వేచ్ఛ కోసం నిలబడే జనానికి అమెరికా అండగా ఉంటుందని కాంగ్రెసులో ప్రకటించాడు. రెండు దేశాలకిచ్చే సాయం ప్రపంచమంతటికీ వర్తించే సూత్రమైంది.

ఇక్కడ తాడును చూసి పామనుకున్న సంగతొకటి ఉంది. గ్రీసులో తిరుగుబాటు వెనక స్టాలిన్ ఉన్నాడని వాషింగ్టన్ నమ్మింది. నిజానికి గ్రీకు కమ్యూనిస్టులకు సాయం ఎక్కువగా అందింది యుగోస్లావియా నుంచి. నీలం పెన్సిల్ టిక్కు ప్రకారం గ్రీసు బ్రిటన్ వాటా, స్టాలిన్ ఆ మాటను చాలావరకు నిలబెట్టుకున్నాడు. మాస్కోకూ ఇలాంటి పొరపాట్లు తక్కువేం కావు. 1945 మేలో అమెరికా యుద్ధ సాయపు ఓడలను అర్ధంతరంగా ఆపేస్తే అది తమను లొంగదీసే ఎత్తుగడ అనుకుంది. యుద్ధం ముగిస్తే సాయం ఆపాలన్నది అమెరికా చట్టంలోని నిబంధన, దాన్ని మొరటుగా అమలు చేశారు. ఆటంబాంబు సంగతి ట్రూమన్ 1945 జులై 24న పోట్స్‌డామ్‌లో స్టాలిన్‌కు నసిగినట్టు చెప్పాడు. గూఢచారుల వల్ల స్టాలిన్‌కు అది ముందే తెలుసు. తెలిసినవాడికి సగం చెబితే మిగతా సగం ఎందుకు దాచారన్నదే మిగులుతుంది.

1946లో రెండు టెలిగ్రాములు వెళ్లాయి. ఫిబ్రవరిలో మాస్కోలోని అమెరికన్ దౌత్యవేత్త జార్జ్ కెనన్ వాషింగ్టన్‌కు రాశాడు: సోవియట్‌కు బయటి ప్రపంచమంటే లోలోపల భయం, దానితో శాశ్వత సఖ్యత కుదరదు, గట్టిగా ఎదురు నిలబడితే మాత్రం వెనక్కి తగ్గుతుంది. సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి నికొలాయ్ నోవికొవ్ మాస్కోకు రాశాడు: అమెరికా ప్రపంచాధిపత్యం కోరుతోంది, సైనిక స్థావరాలు పరుచుకుంటోంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే గుండె బరువెక్కుతుంది. ఎదుటివాడి ప్రతి అడుగులోనూ ఇద్దరికీ ఒకే అర్థం కనిపించింది.

డబ్బు విషయానికి వద్దాం, ముడి అక్కడే బిగుసుకుంది. 1947 జూన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ యూరప్ పునర్నిర్మాణానికి సాయం ప్రకటించాడు. తర్వాతి నాలుగేళ్లలో అది సుమారు 1300 కోట్ల డాలర్లకు చేరింది. తూర్పు దేశాలకూ ఆహ్వానం అందింది. సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవ్ పెద్ద నిపుణుల బృందంతో పారిస్ వచ్చాడు, కొద్ది రోజులకే లేచి వెళ్లిపోయాడు. సాయం కావాలంటే ఖాతాలు నలుగురి ముందు తెరవాలి, అందరూ కలిసి ఒక ప్రణాళిక వేయాలి. తూర్పు దేశాల వర్తకం డాలర్ వైపు తిరిగితే స్టాలిన్ కట్టుకున్న రక్షణ గోడ లోపల్నుంచే కరిగిపోతుంది. వస్తామని ఒప్పుకున్న చెకోస్లొవేకియా, జులైలో మాస్కోకు పిలిపించాక మాట వెనక్కి తీసుకుంది.

జర్మనీలో తగాదా ఇంకా సూటిది. నాలుగు భాగాలు చేసుకుని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ తలా ఒకటి పాలిస్తున్నాయి. బెర్లిన్ నగరాన్నీ అలాగే నాలుగుగా పంచుకున్నాయి, పాశ్చాత్య దేశాల మూడు వాటాలూ కలిపి పశ్చిమ బెర్లిన్. సోవియట్‌కు నష్టపరిహారం కావాలి. ధ్వంసమైన తన దేశానికి జర్మన్ ఫ్యాక్టరీలను, రైలు పట్టాలను సైతం ఊడదీసి తీసుకెళ్లింది. నష్టపోయినవాడికి ఆ హక్కు ఉందనే నేనంటాను. కానీ పడమటి భాగాల్లో జనం ఆకలితో ఉన్నారు, వాళ్లకు తిండి పెడుతున్నది అమెరికన్, బ్రిటిష్ పన్ను చెల్లింపుదారులు. ఒకవైపు నుంచి సరుకు తోడుకుపోతుంటే ఇంకోవైపు నుంచి పోస్తూ ఉండటమన్నమాట. 1946 మేలో అమెరికన్ అధికారి జనరల్ క్లే తన భాగం నుంచి పరిహారపు రవాణా ఆపేశాడు. 1947 జనవరి 1న అమెరికా, బ్రిటన్ తమ భాగాలను కలిపేశాయి. 1948 మార్చి 20న సోవియట్ ప్రతినిధి సొకొలోవ్‌స్కీ నలుగురి ఉమ్మడి పాలక మండలి సమావేశం నుంచి లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే కొత్త నోట్లు. దాంతో సోవియట్ ఎందుకంత ఉలిక్కిపడిందో 2016 నవంబరు చూసిన మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. పెద్ద నోట్లు పక్క జిల్లాలో మాత్రమే రద్దయి, మన జిల్లాలో ఇంకా చెల్లుతున్నాయనుకోండి. రాత్రికి రాత్రే ఆ జిల్లా పాత నోట్లన్నీ సంచుల్లో మన బజారుకు చేరతాయి. ధరలు ఆకాశాన్నంటుతాయి. పడమట పనికిరాని రైక్‌మార్కులు తూర్పు భాగంలోకి వరదలా వచ్చే ప్రమాదం నిజంగానే ఉంది. హడావుడిగా సోవియట్ అధికారులు పాత నోట్ల మీదే చిన్న కూపన్లు అంటించి తమ కొత్త డబ్బుగా ప్రకటించారు. అది బెర్లిన్ మొత్తానికీ వర్తిస్తుందన్నారు. పాశ్చాత్య దేశాలు ఒప్పుకోలేదు, ‘బి’ అన్న ముద్ర వేసిన కొత్త మార్కులను పశ్చిమ బెర్లిన్‌లో దించాయి. ఏ డబ్బు చెల్లితే ఆ ప్రభుత్వమే ఆ ఊరిది. జూన్ 24న దిగ్బంధం మొదలైంది.

బెర్లిన్ సోవియట్ భాగం మధ్యలో, పడమటి సరిహద్దుకు 160 కిలోమీటర్ల లోపల ఉంది. పశ్చిమ బెర్లిన్‌లో 20 లక్షల పైచిలుకు జనం. నిల్వలో ఉన్నది నెల రోజులకు కాస్త పైగా తిండి, నెలన్నరకు బొగ్గు. రోడ్డు మీదా రైలు మీదా హక్కుకు రాతపూర్వకమైన ఒప్పందం లేదు, 1945లో మిత్రులమధ్య కాగితాలెందుకనుకున్నారు. ఆకాశానికి మాత్రం ఉంది. విమానాలు ఢీకొనకుండా ఉండేందుకు 1945 నవంబరులో మూడు గగన మార్గాలను రాసుకున్నారు, ఒక్కొక్కటి 32 కిలోమీటర్ల వెడల్పు. ఒక ఊరిని నిలబెట్టింది ఆ మామూలు సాంకేతిక ఒప్పందమే. రోడ్డు మూస్తే వాదనకు చోటుంది. విమానాన్ని కూల్చితే మాత్రం యుద్ధమే, ఆ యుద్ధం ఇద్దరికీ వద్దు.

జూన్ 26న మొదటి విమానాలు 80 టన్నులు మోశాయి. ఊరికి రోజూ కావలసింది 4500 టన్నులు. ఈ లెక్క చూసి ఇది జరిగేది కాదన్నవాళ్లే ఎక్కువ. మోసిన దాంట్లో సుమారు మూడింట రెండు వంతులు బొగ్గు. ఆలుగడ్డల్లో నీటి బరువు ఎందుకని ఎండబెట్టి పంపారు. ఉప్పు మామూలు విమానాల లోహాన్ని తినేస్తుంది కాబట్టి, నీటి మీద వాలే సీప్లేన్లలో హావెల్ సరస్సుకు చేర్చారు, సముద్రపు నీటికి తుప్పు పట్టకుండా కట్టినవి కదా అవి. టెగెల్‌లో కొత్త విమానాశ్రయం సుమారు మూడు నెలల్లో లేచింది, శిథిలాల ఇటుకలు మోసి రన్‌వే పరిచినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 1949 ఏప్రిల్‌లో ఒక్క 24 గంటల్లో 1398 విమానాలు 12,941 టన్నులు దించాయి, అంటే నిమిషానికి ఒకటి చొప్పున.

టెంపెల్‌హోఫ్ విమానాశ్రయం కంచె దగ్గర జరిగిన చిన్న సంగతి చెప్పకుండా ఉండలేను. 1948 జులైలో గెయిల్ హాల్వర్సెన్ అనే అమెరికన్ పైలట్ అక్కడ నిలబడ్డ ముప్పై మంది దాకా పిల్లలతో మాట్లాడాడు. వాళ్లు ఏమీ అడగలేదు. జేబులో చూయింగ్ గమ్ రెండే ఉంటే విరిచి ఇచ్చాడు. ముక్క దొరకని పిల్లలు చుట్టిన కాగితం చింపి పంచుకుని వాసన చూశారు. రేపు పైనుంచి మిఠాయి వేస్తాను, రెక్కలు ఊపితే నేనేనని గుర్తుపట్టండి అని చెప్పి వెళ్లాడు, చేతిరుమాళ్లను పారాచూట్లుగా కట్టి వేశాడు కూడా. బెర్లిన్ జనం ఆ విమానాలకు పెట్టిన పేరు ‘ఎండుద్రాక్ష బాంబర్లు’. మూడేళ్ల కిందట ఆకాశంలో విమానం మోత వినబడితే ఇవే వీధుల్లో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని నేలమాళిగల్లోకి పరుగెత్తేవారు.

దిగ్బంధం ముగిశాక కూడా 1949 సెప్టెంబరు దాకా సాగిన ఈ రవాణాలో, పదిహేను నెలల్లో 2 లక్షల 77 వేలకు పైగా విమానాలు సుమారు 23 లక్షల టన్నులు మోశాయి. ప్రమాదాల్లో 101 మంది చనిపోయారు. తూర్పు బెర్లిన్‌లో నమోదు చేయించుకుంటే రేషన్ ఇస్తామని సోవియట్ అధికారులు పిలిచినా వెళ్లింది పదిమందిలో ఒక్కరి కన్నా తక్కువే. అలాగని ఊరు విమానాలతోనే బతికిందనడం సరికాదు. సంచులు పట్టుకుని తూర్పు వీధులకు వెళ్లి దొంగచాటుగా కొనుక్కొచ్చుకున్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఆ సంచులు పట్టుకుని తిరిగినవాళ్లకు సరిహద్దు ఇంకా పూర్తిగా సరిహద్దు కాలేదు.

1949 మే 12న దిగ్బంధం ఎత్తేశారు. అప్పటికే ఏప్రిల్ 4న పన్నెండు దేశాలు నాటో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మే 23న పశ్చిమ జర్మనీ, అక్టోబరు 7న తూర్పు జర్మనీ దేశాలుగా వెలిశాయి. పశ్చిమ జర్మనీ అవతరించకుండా ఆపాలని స్టాలిన్ రోడ్లు మూశాడు, అది అవతరించడానికి కావలసిన ఊపును ఆ పనే ఇచ్చింది.

బెర్లిన్‌లో తగవు యుద్ధం దాకా వెళ్లలేదు. కొరియాకు ఆ అదృష్టం దక్కలేదు. 1945 ఆగస్టు 10 రాత్రి వాషింగ్టన్‌లో ఇద్దరు అమెరికన్ కల్నళ్లు నేషనల్ జియోగ్రాఫిక్ పటం ముందేసుకుని అరగంటలో 38వ అక్షాంశం దగ్గర గీత గీశారు. జపాన్ సైనికులు సోవియట్‌కు లొంగిపోవాలా అమెరికాకా అన్నది తేల్చడానికి మాత్రమే ఆ గీత. కొరియా చేసిన నేరమేమీ లేదు, 35 ఏళ్లు జపాన్ కింద నలిగిన దేశం. 1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు ఆ గీత దాటాయి. అంతకుముందు ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సుంగ్ దాడికి అనుమతి అడిగినప్పుడు కాదన్న స్టాలిన్ ఈసారి సరేనన్నాడు, మధ్యలో సోవియట్ ఆటంబాంబు పేలింది, చైనాలో మావో గెలిచాడు, దక్షిణ కొరియా నుంచి అమెరికన్ సైన్యం వెళ్లిపోయింది. ఇరవై లక్షల మందికి పైగా చనిపోయాక 1953 జులై 27న కాల్పులు ఆగాయి, గీత దాదాపు మొదలైన చోటే ఉంది. ఇంటికి తిరిగి వెళ్లనన్న యుద్ధఖైదీల తగవు తీర్చే తటస్థ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన జనరల్ తిమ్మయ్య.

ఈ పోటీ మన గడప దాకా కూడా వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం కొనసాగించాలా వద్దా అని కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలిపోతున్న వేళ, 1951 ఫిబ్రవరిలో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. అజయ్ ఘోష్, డాంగేలతో పాటు వెళ్లిన మిగతా ఇద్దరూ తెలుగువాళ్లే, చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. చైనా గెరిల్లాలకు వెనక సోవియట్ సరిహద్దు ఆసరాగా ఉందని, భారత్‌లో అలాంటి వెన్నుదన్ను లేదని స్టాలిన్ వాళ్లకు చెప్పాడు. అదే ఏడాది అక్టోబరులో పోరాటం విరమించారు. తెలంగాణ పల్లెల్లో దున్నేవాడి భూమి కోసం పుట్టిన ఆ పోరుకు ఎల్బే ఒడ్డుతో సంబంధం లేదు, కానీ దాని భవిష్యత్తు మీద చర్చ మాస్కోలో ఒక గదిలో జరిగింది.

బెర్లిన్‌లో దిగ్బంధం ఎత్తేశాక మరో పన్నెండేళ్లు గోడ లేదు. తూర్పున ఇల్లు, పడమట ఉద్యోగం ఉన్నవాళ్లు వేల సంఖ్యలో రోజూ పొద్దున లోకల్ రైలెక్కి అటు వెళ్లేవారు. సరిహద్దు దాటగానే స్టేషన్ల పక్కన నోట్లు మార్చే చిన్న దుకాణాలు, బయట పలక మీద ఆ రోజు రేటు. ఒక పశ్చిమ మార్కుకు సుమారు నాలుగు తూర్పు మార్కులు. సాయంత్రం ఇంటికి పోతూ అక్కడ ఆగి లెక్కపెట్టుకుని, ఆ నోట్లు ఒక జేబులో, ఈ నోట్లు ఒక జేబులో వేసుకుని మళ్లీ అదే రైలెక్కేవారు.